జెల్డా జోలపాటను వేణువు మీద వాయించి విడుదల చేశాను: నా అనుభవం

జెల్డా వీడియో గేముల్లో ఒకటైన ‘ఆకరీనా ఆఫ్ టైమ్’ (1998) ఆడినవాళ్లకు తెలుసు, అందులో మీటలు నొక్కి ఆకరీనా అనే చిన్న ఊదే వాద్యం వాయించాలి. మీటలకు ఐదే స్వరాలు, పాశ్చాత్య పేర్లలో డి, ఎఫ్, ఎ, బి, పై డి. డిని షడ్జమం అనుకుంటే స, సాధారణ గాంధారం, ప, చతుశ్రుతి ధైవతం, పై స. కాకినాడలో మా మాస్టారికి వాయించి చూపిస్తే, “ఒరే, రిషభం ఒక్కటి కలిపితే ఇది శివరంజని రాగమేరా!” అన్నారు. కోజి కొండో కట్టిన జెల్డా జోలపాట అందులో ద, పై స, ప అంటూ మొదలవుతుంది. అది నా వేణువు మీద పలకాల్సిందేనని ఆరోజే నిశ్చయించుకున్నాను.

మొదటిసారి పెద్ద పొరపాటే చేశాను. ఆటలోని సంగీతాన్నే వెనక పెట్టుకుని, దాని మీద వేణువు వాయించి వీడియో పెట్టాను. రెండో రోజుకే హక్కుల పేరుతో ఆ వీడియోను ఆపేశారు. వాయించింది నేనే కదా అని చాలా బాధపడ్డాను. తర్వాత తెలిసింది, బాణీ మీద హక్కు వేరు, దాని రికార్డింగ్ మీద హక్కు వేరు. నేను రెండూ వాడేశాను. అందుకే ఈసారి తంబురా, కీబోర్డు మీద తీగవాద్యాల వరస, అన్నీ మేమే కొత్తగా వాయించి రికార్డు చేసుకున్నాం. దాంతో రికార్డింగ్ మాదైంది. బాణీకి మాత్రం అనుమతి కావాలి.

అమెరికా కాపీరైట్ చట్టంలో 115వ సెక్షన్ ఉంది. అక్కడ ఒక పాట హక్కుదారుల అనుమతితో ఒకసారి ఆడియోగా విడుదలైతే, నిర్ణీత రాయల్టీ కట్టి ఎవరైనా తమ శైలిలో పాడుకోవచ్చు, మూల స్వభావం మార్చకుండా. బాణీ ఆటలోనే ఉండిపోయి, విడిగా ఆడియోగా రాకపోతే ఈ దారి లేదు. ముందు అది చూసుకోండి. మన 1957 కాపీరైట్ చట్టంలోనూ ఇలాంటిదే 31సి సెక్షన్ ఉంది కానీ, మొదటి రికార్డింగ్ వచ్చిన ఏడాది ముగిశాక ఐదేళ్లు ఆగాలి, ఏడాదికి కనీసం 50,000 ప్రతులకు రాయల్టీ కట్టాలి. మనలాంటి ఒంటరి కళాకారులకు అది మోయలేని బరువు. నేను డిస్ట్రిబ్యూటర్ (పాటను ఆన్‌లైన్ సంగీత వేదికలకు చేర్చే సంస్థ) ద్వారా కవర్ లైసెన్సు, అంటే వేరొకరి బాణీని మనం వాయించి విడుదల చేసుకునే అనుమతి, తీసుకున్నాను.

డిస్ట్రిబ్యూటర్ వాళ్లు నా పాటను ఒకసారి తిప్పి పంపారు. పేరులో ‘ఒరిజినల్ సౌండ్‌ట్రాక్’ అని రాశాను, ముఖచిత్రంగా ఆటలోని బొమ్మ పెట్టాను. రెండూ తీసేసి, నా వేణువు ఫోటో పెట్టి, కొండో పేరు స్వరకర్త గడిలో మాత్రమే రాస్తే వెళ్లింది.

వీడియో సంగతి వేరు. ఆడియో లైసెన్సు దానికి చెల్లదు. హక్కుదారులు ప్రకటనల డబ్బు తీసుకోవచ్చు, పూర్తిగా ఆపేయనూవచ్చు. ఈ బాణీ మాదని హక్కుదారుల క్లెయిమ్ వచ్చినప్పుడు నేను వాదించలేదు. పాట వినబడుతోంది, అది చాలు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ కాలం పట్టుకున్నది ముగింపు. ఆటపాట చివరికొచ్చి మళ్లీ మొదటికి చుట్టుకుంటుంది. ఆడేవాడు ఆటలోని ఆ గదిలోంచి బయటికి వచ్చేదాకా అలా తిరుగుతూనే ఉంటుంది, దానికి ఆగడం తెలియదు. కవర్‌లో మనమే ఆపాలి. నెమ్మదిగా శబ్దం తగ్గించి చూశాను, దొంగతనంగా వెళ్లిపోయినట్టుంది. తిస్రంలో (మూడేసి మాత్రల నడకలో) తీర్మానం, అంటే కచేరీల్లో వేసే ముగింపు లయ, వేసి చూశాం, జోలపాట కాస్తా కచేరీ అయిపోయింది. పదిహేను రోజుల తర్వాత ఒక రాత్రి ఫ్యాన్ ఆపేసి, తలుపు సందులో తువ్వాలు కుక్కి, ద, పై స, ప అని ఆఖరిసారి వాయించి, ఊపిరి అయిపోయేదాకా ఆ పంచమం మీదే నిలబడ్డాను. వేణువు ఆగాక తంబురా ఒక్కటే కాసేపు మోగింది. అదే ఉంచేశాను.