నాన్న తెచ్చిన మాత్రలు

చిన్నాన్న క్యాన్సర్‌తో పోయినప్పటి నుంచి నాన్నకు ఒకటే టెన్షన్. మొన్న కడప ఏడురోడ్ల దగ్గర సెలీనియం అనే ఖనిజం ఉన్న మాత్రలు కొనుక్కొచ్చాడు. "ఎలుకల్లో బాగా పనిచేసిందంట రా" అన్నాడు, ఎంతో ఆశగా.

రాత్రి కూర్చుని చదివాను. నిజమే, సెలీనియం ఎక్కువ పెట్టిన ఎలుకల్లో రొమ్ము గడ్డలు తగ్గాయి. మరి మనుషుల్లో? 2001లో అమెరికాలో మొదలైన సెలెక్ట్ అనే క్యాన్సర్ నివారణ ట్రయల్‌లో 35 వేల మందికి పైగా మగవాళ్లు చేరారు. వాళ్లలో కొందరికి రోజుకు 200 మైక్రోగ్రాముల సెలీనియం ఇచ్చారు. మగవాళ్లకు వచ్చే ప్రొస్టేట్ క్యాన్సర్ ముప్పు తగ్గలేదు. 2008లో మాత్రలు ఆపేశారు. పైగా ఈ ఖనిజం ఒంట్లో మోతాదు మించితే జుట్టు రాలుతుంది, గోళ్లు పెళుసుబారి విరుగుతాయి.

పొద్దున చెబితే నాన్న చాలాసేపు మాట్లాడలేదు. "వాడు ముందే చూపించుకొని ఉంటే..." అని మధ్యలోనే ఆపేశాడు. మాత్రల డబ్బా నా చేతికిచ్చాడు. సోమవారం ఆయన్ను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నా.