ఖాతాదారు వివరాలకు కస్టోడియన్ ఎవరు? బ్యాంకు డేటా ప్రక్షాళనలో నా అనుభవం

2022 జూన్‌లో నన్ను మా బ్యాంకు ప్రధాన కార్యాలయంలోని డేటా విభాగానికి బదిలీ చేశారు. అంతకుముందు ఇరవై ఏళ్లకు పైగా కోస్తాలోనూ తెలంగాణలోనూ శాఖల్లోనే పనిచేశాను కాబట్టి, డేటా అంటే కంప్యూటర్ విభాగం వారి పని అనే అభిప్రాయంతోనే వెళ్లాను. మాకు అప్పగించిన పని ఒక్క వాక్యంలో ఉంది: ఒకే మనిషికి ఉన్న పలు సీఐఎఫ్‌లను గుర్తించి ఒక్కటిగా కలపాలి. సీఐఎఫ్ అంటే ఖాతాదారుకు బ్యాంకు ఇచ్చే గుర్తింపు సంఖ్య. ఒక వ్యక్తికి ఎన్ని ఖాతాలున్నా ఆ సంఖ్య ఒక్కటే ఉండాలని ఖాతాదారు ఎవరో నిర్ధారించుకోవడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన కేవైసీ నిబంధనలు చెబుతాయి. ఆచరణలో అది అలా లేదు. శాఖలు వేటికవి కంప్యూటర్లు పెట్టుకున్న రోజుల్లోని ఖాతాలు, అన్ని శాఖలనూ ఒకే వ్యవస్థలో కలిపే కోర్ బ్యాంకింగ్‌లోకి మారినప్పుడు ఒక్కో శాఖ నుంచి ఒక్కో సంఖ్య వచ్చింది. 2014 ఆగస్టులో మొదలైన జన్‌ధన్ శిబిరాల్లో, పాత ఖాతా ఉందో లేదో వెతికే వ్యవధి లేక, మళ్లీ కొత్త సంఖ్యలు పుట్టాయి.

దీనివల్ల జరిగే నష్టం కౌంటరు దగ్గర కూర్చున్నవారికి కనిపించదు. డిపాజిట్ వడ్డీపై బ్యాంకు ముందే కోసే పన్నును, అంటే టీడీఎస్‌ను 2015 జూన్ నుంచి శాఖలవారీగా కాక బ్యాంకు మొత్తం మీద లెక్కించాలి. మేం ఈ పని చేసిన రోజుల్లో వడ్డీ పరిమితి ఏడాదికి 40,000 రూపాయలు, సీనియర్ సిటిజన్లకు 50,000. పాన్ నమోదు కాని మనిషి డిపాజిట్లు మూడు సీఐఎఫ్‌ల కింద చీలిపోతే, ఏ ఒక్కదానిలోనూ వడ్డీ పరిమితి దాటదు. డిపాజిట్ బీమా 5 లక్షల రూపాయలు కూడా ఖాతాకు కాదు, ఒక బ్యాంకులో ఒక డిపాజిటరుకు. నెలలో 10 లక్షలు మించిన నగదు లావాదేవీల నివేదిక సరిగా వెళ్లాలన్నా ఆ మనిషి ఒక్కడేనని మనకు ముందు తెలిసి ఉండాలి.

మొదటి సమావేశానికి రిటైల్, రుణాలు, కేవైసీ, పన్నులు, డిజిటల్, ఐటీ విభాగాల వారు వచ్చారు. ఈ వివరాలు ఎవరివని మా జనరల్ మేనేజర్ గారు అడిగితే అందరూ ఐటీ వైపు చూశారు. ఐటీ అధికారి, శాఖలు ఏది నమోదు చేస్తే దాన్నే తాము భద్రపరుస్తున్నామని చెప్పారు. అందులో తప్పు లేదు. నాకు అప్పుడు బంగారు రుణాల సేఫ్ గుర్తుకు వచ్చింది. నగల సంచి లోపలికి వెళ్లాలన్నా బయటికి రావాలన్నా ఇద్దరు అధికారుల తాళాలు కావాలి, రిజిస్టరులో సంతకాలు కావాలి, సంచిలో ఏముందో తూకంతో సహా రాసి ఉండాలి. ఖాతాదారు పేరును, పుట్టిన తేదీని మార్చడానికి ఆ పాటి పద్ధతి మా దగ్గర లేదు. బ్యాంకు సొంతంగా కూర్చుకున్న ఖాతాదారుల జాబితాను ఆస్తిగా చూపడానికి అకౌంటింగ్ ప్రమాణాలు ఒప్పుకోవు కనుక అది బ్యాలెన్స్ షీటులోనూ కనిపించదు. లెక్కలో లేని ఆస్తికి కాపలా పెట్టాలని ఎవరికీ తోచలేదు.

అసలు ఖాతాదారు అంటే ఎవరో నిర్ణయించడానికే మూడు వారాలు పట్టింది. ఖాతా ఉన్నవారే ఖాతాదారులని రిటైల్ వారు, హామీదారు కూడా లెక్కలోకి రావాలని రుణాల వారు, కంపెనీ తరఫున సంతకం చేసేవారిని వదిలేయకూడదని కేవైసీ వారు వాదించారు. చివరికి బ్యాంకుతో ఏ సంబంధం ఉన్నా ఆ మనిషికి ఒకే సంఖ్య, సంబంధం ఏమిటన్నది వేరే గడిలో అని తేల్చుకున్నాం. ఆ తరవాత ప్రతి గడికీ ఒక విభాగాధిపతిని యజమానిగా ప్రకటించాం: పాన్‌కు పన్నుల విభాగం, మొబైల్ నంబరుకు డిజిటల్, పేరు, పుట్టిన తేదీ, చిరునామాలకు కేవైసీ. ఐటీ వారు కస్టోడియన్లుగా, అంటే భద్రపరిచేవారిగా, మిగిలారు. సేఫ్ వారిది, లోపల ఏది ఉండాలన్న నిర్ణయం వారిది కాదు. ఈ నాలుగు పేజీల ఉత్తర్వు మీద సంతకాలు పడేవరకు తరవాతి పని ఏదీ కదలలేదు.

పేర్ల దగ్గర మాకు అసలు పరీక్ష ఎదురైంది. ఇంగ్లిషు పేర్ల కోసం రూపొందించిన పోలిక పద్ధతులు మన పేర్లను అర్థం చేసుకోలేవు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. పాన్ దరఖాస్తు దాన్ని వేరే గడిలో అడుగుతుంది. కొన్ని కార్డుల్లో అది చివరికి వెళ్లింది, కొన్నింటిలో ఒక్క అక్షరమై మిగిలింది. లక్ష్మిని ఇంగ్లిషులో ఎక్స్‌తో రాసేవారు, కె ఎస్ హెచ్‌తో రాసేవారు ఉన్నారు. వెంకట ఒకచోట విడిగా, ఇంకొకచోట తరవాతి పేరుతో కలిసి ఉంటుంది. మేం నలుగురం కూర్చుని ఒక పట్టిక తయారు చేశాం: ఏ అక్షరాల జంటలు ఒకే ధ్వనికి వాడుతున్నారు, ఏ పొడి అక్షరం ఏ ఇంటిపేరుకు సరిపోవచ్చు, గారు, శ్రీమతి వంటి మాటలను ఎప్పుడు తొలగించాలి. ఆ పట్టికను ఏ సాఫ్ట్‌వేర్ సంస్థా మాకు ఇవ్వలేకపోయింది. శాఖల్లో పనిచేసిన అనుభవం అక్కరకు వచ్చింది అక్కడే.

ఆధార్ సంఖ్యతో పోల్చితే సరిపోదా అని చాలామంది అడిగారు. బ్యాంకు ఖాతాలకు ఆధార్ అనుసంధానం తప్పనిసరి కాదని 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. స్వచ్ఛందంగా ఇచ్చినవారి సంఖ్యలను కూడా వేరే సురక్షిత నిల్వలో ఉంచి, ఇతర వ్యవస్థల్లో సంకేత సంఖ్యను మాత్రమే వాడాలి. అందువల్ల ఆధార్ కొందరి విషయంలో తోడ్పడింది గాని అందరికీ తాళంచెవి కాలేదు.

పుట్టిన తేదీలు చూస్తే జనవరి 1న పుట్టినవారు అసాధారణంగా ఎక్కువ. సంవత్సరం మాత్రమే తెలిసినవారికి తెర మీద తేదీ, నెల తప్పనిసరి కావడంతో అలా నింపారు. మొబైల్ గడిలో పది తొమ్మిదులు కనిపించేవి, లేదా ఊళ్లో బ్యాంకు తరఫున సేవలందించే బ్యాంక్ మిత్ర నంబరు వందలాది ఖాతాల్లో ఉండేది. శాఖ సిబ్బందిని నేను తప్పుపట్టను. జవాబు లేనిచోట కూడా జవాబు ఇచ్చి తీరాలని తెర పట్టుబడితే, ఎదురుగా వరస కట్టిన జనం ఉండగా ఎవరైనా అదే చేస్తారు. తెలియదు అని రాసే వీలు కల్పించడమే దీనికి మందు అని వాదించాను. ఖాళీ గడులు పెరిగితే తనిఖీలో చెడ్డపేరు వస్తుందని వ్యతిరేకించినవారు ఉన్నారు. నిజమైన ఖాళీని నింపగలం, అబద్ధపు నింపుడును గుర్తించలేం అన్న నా వాదనకు వారిని ఒప్పించడానికి రెండు నెలలు పట్టింది.

చిరునామాల కథ మన రెండు రాష్ట్రాల చరిత్రే. 2014 జూన్ 2 తరవాత కూడా తెలంగాణ ఖాతాదారుల రాష్ట్రం గడిలో ఆంధ్రప్రదేశ్ అనే ఉంది. 2016 దసరాకు తెలంగాణ జిల్లాలు 10 నుంచి 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి, 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండగా మారింది. మేం పని మొదలుపెట్టడానికి రెండు నెలల ముందు, 2022 ఏప్రిల్ 4న, ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఇల్లు కదలకుండానే మనిషి జిల్లా మారిపోయింది. పిన్‌కోడ్ 50తో మొదలైతే తెలంగాణ అని ఒక సూత్రం రాసి మొదట సంతోషించాం. కాని 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిపిన పోలవరం ముంపు మండలాలైన కూనవరం, చింతూరు వంటి చోట్ల ఖాతాదారుల పిన్‌కోడ్‌లు మా రికార్డుల్లో 507తోనే ఉన్నాయి. చివరికి జిల్లా పేరును అక్షరాల్లో నిల్వ చేయడం మానేసి, కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నిర్వహించే స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీలోని సంకేతాలను తీసుకున్నాం. ప్రతి సంకేతం ఎప్పటి నుంచి ఎప్పటి వరకు చెల్లుతుందో తేదీలు కూడా జోడించాం.

ఇక నా పొరపాటు. పేరు, పుట్టిన తేదీ, మొబైల్, పిన్‌కోడ్ నాలుగూ కలిస్తే శాఖను అడగకుండానే కలపవచ్చన్న సూత్రానికి నేనే ఆమోదం తెలిపాను. కొన్ని వారాలకు ఒక గ్రామీణ శాఖ మేనేజరు ఫోన్ చేశారు. ఒకావిడ వచ్చి, "పించను పడిందని నాకు మెసేజీ వస్తోంది సార్, నేను పించను తీసుకోను, ఇది ఎవరి డబ్బో చూడండి" అన్నదట. పక్క ఊళ్లో అదే ఇంటిపేరు, అదే పేరు గల మరొకామె ఉంది. ఇద్దరికీ ఒకే ఏడాది జనవరి 1, ఇద్దరికీ బ్యాంక్ మిత్ర నంబరే. కలిపిన తరవాత మొదటామె తన సొంత నంబరు నమోదు చేయించుకోగా రెండో ఆమె ఖాతా సమాచారం కూడా ఆ ఫోనుకే వెళ్లింది. డబ్బు పోలేదు. కాని ఒక వృద్ధురాలి ఖాతాలో ఎంత ఉందో మా వల్ల ఇంకొకరికి తెలిసింది. విడదీయబోతే పాత వివరాలను వ్యవస్థ దాచి ఉంచలేదని తేలింది. రికార్డు గది నుంచి ఖాతా తెరిచిన ఫారాలు తెప్పించి చేతితో సరిదిద్దాం. ఆమెకు జరిగింది చెప్పి క్షమాపణ కోరమని మేనేజరును అడిగాను, ఆయన వాళ్లింటికి వెళ్లి చెప్పారు.

ఆ రోజే ఆ సూత్రాన్ని ఆపించాను. జనవరి 1ని, ఐదుగురికి మించి వాడుతున్న మొబైల్ నంబరును పోలికలో సాక్ష్యంగా తీసుకోకూడదని, తండ్రి లేదా భర్త పేరు కలవాలని, ఫొటోను, సంతకాన్ని శాఖలో ఒకరు పోల్చి మరొకరు ఆమోదించాలని, కలిపిన ప్రతి రికార్డు పాత రూపం భద్రంగా ఉండాలని కొత్త నిబంధనలు రాశాం. పని నెమ్మదించింది. నెలవారీ లక్ష్యం తప్పినందుకు సంజాయిషీ కూడా రాసుకున్నాను. 2023 ఆగస్టులో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, మనిషిపై ప్రభావం చూపే నిర్ణయానికి వాడే డేటా పూర్తిగా, కచ్చితంగా ఉండాలని చెప్పడంతో మా నెమ్మదికి కొంత బలం దొరికింది.

ఒకే మనిషికి పలు సీఐఎఫ్‌లు ఉన్నాయని తనిఖీలో చూపిన లోపాన్ని, సరిదిద్దినట్టుగా 2023 డిసెంబరులో మూసివేశారు. కొత్త ఖాతా తెరిచే తెర మీద ఇప్పుడు ఇంటిపేరుకు వేరే గడి ఉంది, పుట్టిన తేదీ పక్కన సంవత్సరం మాత్రమే తెలుసు అనే ఎంపిక ఉంది, పాత సీఐఎఫ్‌ల వెతుకులాట పూర్తి కాకుండా కొత్తది పుట్టదు. నామినీల పేర్లు మాత్రం పాత ఖాతాల్లో ఇంకా కాగితాల మీదే ఉన్నాయి. వాటిని ఎక్కించే పనికి యజమాని ఎవరన్న ఉత్తర్వు ముసాయిదాను నేను మళ్లీ శాఖకు బదిలీ అయ్యే ముందు వారంలో సంతకాలకు పంపాను.