కంటి కొనలో గాటు

పదకొండున్నర దాటింది. రెండుసార్లు స్నానం చేసినా నా చేతుల వాసన పోలేదని ఆయన పక్కగదిలోకి వెళ్ళి పడుకున్నారు. మంచిదే, లైటు వేసుకుని రాసుకోవచ్చు.

నెల కిందట జూకు వెళ్ళి చూసివచ్చి రాశానే, ఆ ముసలమ్మే. పద్దెనిమిదేళ్ళ ఆడసింహం. కిడ్నీలు పాడై పోయింది. చచ్చిన జంతువుల చర్మం ఒలిచి, ప్రదర్శనకు బొమ్మలుగా నిలబెట్టడం నా పని కనుక, ఈరోజు పొద్దున మా బల్ల మీదికి వచ్చింది.

ముందు నా కోపం రాసేస్తాను, లేకపోతే నిద్ర పట్టదు. శవపరీక్ష కోత గురించి డాక్టరుగారికి ఫోనులో మూడుసార్లు చెప్పాను. మీ పని మీరు చేయండి, కానీ పొట్ట మధ్యగీత తప్పకండి అని. తీరా చూస్తే గడ్డం కింద మొదలైన గీత రొమ్ము దాకా బుద్ధిగా వచ్చి, బొడ్డు దగ్గర ఎడమకు తిరిగి, తొడ దాకా పోయి ఆగింది. నా దారి నాకుంటే పొట్ట జోలికే వెళ్ళను. నిలువెత్తు బొమ్మకు వీపు మీద కోస్తాను, భుజాల మధ్య నుంచి తోక మొదలు దాకా ఒకటే గీత. అక్కడ వెంట్రుక దట్టంగా ఉంటుంది కనుక కుట్టు అందులో దాక్కుంటుంది. కాళ్ళను మేజోడు తిరగేసినట్టు లోపలి నుంచి లాగేయవచ్చు. పొట్ట మీద వెంట్రుక పల్చన. అక్కడ ఎంత సన్నగా కుట్టినా, చూడటానికి వచ్చినవాళ్ళ కళ్ళు మొదట అక్కడికే పోతాయి.

ఇది చాలదన్నట్టు, మధ్యాహ్నం ప్రదర్శన వ్యవహారాలు చూసుకునే అధికారి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. సింహం నాలుగు కాళ్ళ మీద నిలబడి, నోరు తెరిచి గర్జిస్తూ ఉండాలట. పిల్లలు భయపడితేనే బాగుంటుందట. సింహం గర్జించేటప్పుడు పళ్ళు ఇకిలించదండీ, ముక్కు ముడిచి కోరలు చూపించడం బెదిరింపు, గర్జన వేరు అని చెప్పాను. "అదే, అలాంటిదే చేయండి" అన్నారు. స్వీడన్‌లో గ్రిప్స్‌హోమ్ కోటలో ఒక సింహం ఉంది. 1731లో రాజుగారికి కానుకగా వచ్చింది. అది చచ్చాక చర్మం, ఎముకలు చూసి బొమ్మ చేశారు. మనిషి పళ్ళలాంటి పళ్ళతో, నాలుక బయటపెట్టి, అన్నం పెట్టమని అడుగుతున్న తాతగారిలా చూస్తుంటుంది. మా అమ్మాయి ఆ ఫోటో తన ఫోనులో పెట్టుకుని ఎప్పుడు దిగులుగా ఉన్నా తీసి చూసుకుంటుంది. నా ముసలమ్మను అలా ఎవరి ఫోనులోకీ ఎక్కించను.

పని మటుకు బాగానే సాగింది. పాదాలకే రెండు గంటలు పట్టింది. ముందు పాదానికి అయిదు గోళ్ళు, వెనక పాదానికి నాలుగు. ప్రతి వేలునూ చివరి కణుపు దాకా ఒలిచి, గోరు చర్మంతోనే ఉండేలా కీలు దగ్గర కోయాలి. భుజం కండలో రెండు చిన్న వంకర ఎముకలు దొరికాయి, ఏ ఎముకకూ అతుక్కోకుండా కండలో తేలుతుంటాయి. వాటిని కడిగి కిటికీలో ఆరబెట్టాను. ఈరోజు సంతోషం అంటే అదొక్కటే.

ఇక అసలు సంగతి. ఎడమ కంటి లోపలి కొనలో గాటు పడింది. బియ్యపు గింజంత.

అక్కడ చర్మం ఎముకలోని చిన్న గుంటలోకి దిగి గట్టిగా అతుక్కుని ఉంటుంది. కత్తి ఎముకను రాసుకుంటూ పోవాలి. కొత్తగా చేరినవాళ్ళందరూ కోసుకునేది అక్కడే. నేను చేరిన మొదటి నెలలో చిరుతపులికి కోశాను. గురువుగారు తిట్టలేదు, తిట్టినా బాగుండేది. నా ఎడమ చూపుడు వేలు పట్టుకుని, బయటి నుంచి రెప్ప కిందికి పెట్టించి, కుడి చేతికి కత్తి ఇచ్చి, కళ్ళు మూసుకోమన్నారు. "ఇప్పుడు కొయ్యమ్మా. పొర అవతల కత్తి వచ్చినట్టు వేలికి తెలుస్తుంది. వేలు చెప్పినప్పుడు ఆగు." రెండో కన్ను అలాగే చీకట్లో ఒలిచాను. రెప్ప వెంట్రుక ఒక్కటి కూడా రాలలేదు. ఆ తర్వాత కొలతల పుస్తకం తెరిచి, కంటి కొన నుంచి ముక్కు కొస దాకా ఎంతో నాచేత అయిదుసార్లు కొలిపించారు. కొలత అనగానే ఆయనకు త్సావో సింహాలు గుర్తొచ్చేవి. 1898లో కెన్యాలో రైలు వంతెన పనివాళ్ళను తిన్న రెండు మగ సింహాల చర్మాలు పాతికేళ్ళు నేల మీద రగ్గులుగా పడి ఉండి, 1924లో షికాగోలోని ఫీల్డ్ మ్యూజియంకు 5,000 డాలర్లకు వెళ్ళాయి. రగ్గుకోసం అంచులు కత్తిరించేశారు కాబట్టి, ఈరోజు అక్కడ నిలబడినవి బతికినప్పటి సింహాల కన్నా చిన్నవి. "పోయిన అంచు మళ్ళీ మొలవదు" అనేవారు, నా చేతిలోని కత్తిని చూస్తూ.

ఈరోజు గాటు పడగానే, పక్కన సాయం చేస్తున్న కుర్రవాడి మీద అరిచాను. సరిగ్గా అప్పుడే "మేడమ్, తోకకు ఉప్పు ఎంత?" అని అడిగాడు. ఇంతవరకూ వాడి తప్పనే రాద్దామనుకున్నాను. రాస్తుంటే చేయి ఆగిపోయింది. కంట్లో నా వేలు లేదు. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్నాను, అవసరం ఏముందని పెట్టలేదు. బుర్రలో ఆ అధికారికి ఇవ్వాల్సిన జవాబులు నడుస్తున్నాయి. వాడు అడిగిన ప్రశ్న కూడా సరైనదే, తోక కింద చీల్చి లోపలి దాకా ఉప్పు పట్టించకపోతే వెంట్రుక ఊడేది ముందు అక్కడే.

డాక్టరుగారి సంగతీ అంతే. సాయంత్రం చర్మం తిరగేసి ఉప్పు రుద్దుతుంటే, బొడ్డు కింద మధ్యగీత మీద గట్టి ముడి చేతికి తగిలింది. పాత ఆపరేషన్ మచ్చ, వేలెడు పొడవు. దాన్ని తప్పించుకోవడానికే ఆయన పక్కకు తిప్పారు. అక్కడే నేరుగా కోసి ఉంటే కుట్టడానికి అంచు దొరికేది కాదు. మూడుసార్లు ఫోను చేసిన మనిషిని, ఎందుకు తిప్పారని నాలుగోసారి చేసి అడగలేదు.

అధికారి మీద కోపం మాత్రం తగ్గలేదు. తగ్గిందా? ఒక ఆలోచన తిరుగుతోంది. పొట్ట కుట్టు కనిపించకూడదంటే ముసలమ్మ పడుకునే ఉండాలి. రోజుకు ఇరవై గంటల దాకా పడుకునే జాతి, అందులో తప్పేమీ లేదు. నోరు తెరిపిద్దాం, ఆవలింతతో. బజారులో దొరికే తయారు దవడలు పెడితే అన్నీ పడుచు పళ్ళే. దీని కుడి పైకోర సగానికి విరిగి, మొద్దుబారి, పసుపు తిరిగి ఉంది. దాని దవడకే అచ్చు తీసి పోత పోస్తే ఆ విరిగిన కోర అలాగే వస్తుంది. పెదవుల లోపలి పొరను చిగుళ్ళ దాకా పూర్తిగా ఉంచే ఒలిచాను, నోరు తెరవడానికి సరిపోతుంది. అది గర్జన అని అధికారి అనుకుంటే అనుకోనివ్వండి, బొమ్మ పక్కన పెట్టే పలక మీద మాత్రం ఆవలిస్తోందని నేనే రాస్తాను.

ఉదయం ఆరుకు అలారం పెట్టాను. తడిసిన ఉప్పు దులిపి, కొత్తది పట్టించాలి, దాదాపు చర్మం బరువంత. గాటు కుట్టేది చర్మం పదును చేశాకే. కుర్రవాడికి ఏం చెప్పాలో ఇంకా తేలలేదు. వాడు రేపు ఆరింటికే వస్తానన్నాడు.