ముంజేతిలో ఆ రెండు ఎముకలు

ఫ్లోరోసిస్ అనగానే, అంటే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలకొచ్చే జబ్బు అనగానే, నల్గొండ పేరు, దాని వెంటే వంకర కాళ్ల ఫొటోలు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఊళ్ల గురించి ఎవరు ఏం రాసినా ఫొటో మాత్రం కాళ్లదే పెడతారు. ఎక్స్‌రే గదిలో పనిచేసే నాకు ఆ జబ్బు బాగా తెలిసేది చేతిలో, అదీ మోచేతికీ మణికట్టుకీ మధ్య.

లెక్కేస్తే ఒక్కో చేతికి 32 ఎముకలు. కాలర్ బోన్, భుజం రెక్క, జబ్బలో ఒకటి, ముంజేతిలో రెండు, మణికట్టులో 8, అరచేతిలో 5, వేళ్లలో 14 (బొటనవేలికి రెండే, మిగతా వాటికి మూడేసి). మణికట్టులో స్కేఫాయిడ్ అని చిన్నది ఒకటుంది, బైకు మీంచి పడి చెయ్యి ఆనించినవాళ్లకు అది చిట్లినా మొదటి ఎక్స్‌రేలో ఒక్కోసారి దొరకదు. రెండు వారాలకు మళ్లీ రమ్మంటే డబ్బుల కోసమని తిట్టుకోకుండా రండి.

సరే, అసలు సంగతి ముంజేతిది. తీర్థం పట్టడానికి అరచేయి చాపితే అందులోని రెండు ఎముకలు రేడియస్, అల్నా పక్కపక్కన ఉంటాయి. అదే చెయ్యి బోర్లా తిప్పితే చిటికెనవేలు వైపున్న అల్నా దాదాపు ఉన్నచోటే ఉంటుంది, బొటనవేలు వైపున్న రేడియస్ దాని మీదుగా అడ్డంగా వచ్చేస్తుంది. తాళం తీసినా, ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నా జరిగేది ఇదే. రెంటినీ కలుపుతూ మధ్యలో నిలువునా పల్చటి పొర ఉంటుంది, ఎముక కాదు కాబట్టి ఎక్స్‌రేలో కనపడదు. కనపడిందంటేనే అనుమానం. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగినవాళ్లలో ఆ పొర ఎముకలా గట్టిపడి, లోపలి అంచుల వెంట తుమ్మముళ్లలా తెల్లగా పొడుచుకొస్తుంది. అందుకే నడుం నొప్పని వచ్చినవాళ్లకు కూడా మా దగ్గర డాక్టర్లు ముంజేయి ఎక్స్‌రే రాస్తుంటారు. "నొప్పి నడుముకైతే చెయ్యికెందుకు సారూ" అని నన్ను నిలదీస్తారు, న్యాయమే.

బాగా ముదిరినవాళ్లకు ఫిల్మ్ చూడక్కర్లేదు. "అవ్వా, అరచేయి పైకి పెట్టు" అంటే "తిరుగుతలేదు బిడ్డా" అంటూ ముంజేయి చెయ్యాల్సిన పనికి భుజాన్నీ నడుమునూ వంచి, మొత్తం మనిషే ఒక పక్కకు ఒరుగుతుంది.

నీళ్లు మరగబెడితే పోదా అని ఇప్పటికీ అడుగుతారు. పోదు, ఆవిరై నీళ్లు తగ్గినకొద్దీ ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతి వేరే ఉంది, దానికి పేరే నల్గొండ టెక్నిక్. ఇప్పుడు ఇళ్లకు కృష్ణా నీళ్లు వస్తున్నాయి, మంచిదే, కానీ పొలం కాడ దూపైతే బోరు నీళ్లే తాగేవాళ్లు ఇంకా ఉన్నారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు, మీ బోరులో ఎంతుందో ఒకసారి టెస్ట్ చేయించండి, అప్పటిదాకా ఇంటి నుంచే బాటిల్ నింపుకుపోండి.