వేపచెట్టెక్కని గులాబీ: మూడోసారి

వేపచెట్టు మీదికి పాకించాలని పెట్టిన తీగ గులాబీ మళ్లీ ఆగిపోయింది, ఈసారి 5 అడుగుల 8 అంగుళాల దగ్గర. ఇది మూడో మొక్క.

మొదటిది పోయిందంటే తప్పు నాదే. గాలి వచ్చే వైపు నాటితే గాలే తీగని చెట్టు మీదికి తోస్తుందన్న ఇంగ్లండు సలహా నమ్మి పడమట నాటాను. మే నెలలో గుంటూరు పడమటి గాలి ఎలా ఉంటుందో అది రాసినాయనకేం తెలుసు? వారంలో ఆకంతా అప్పడమైంది. రెండోదాన్ని తూర్పున, మొదలుకి మూడడుగుల్లో పెట్టాను. ఎండిపోయాక తవ్వి చూస్తే గుంట నిండా వేప పీచువేళ్లే.

అందుకే ఈసారి సిమెంటు వర దించాను. రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు. నవంబరులో క్లైంబింగ్ ఐస్‌బర్గ్ అనే తీగ గులాబీ రకం పెట్టాను. ఫిబ్రవరి 1న 3 అడుగుల 2 అంగుళాలు, మార్చి 1న 4 అడుగుల 7, ఉగాదికి 5 అడుగుల 8. ఇంట్లో అందరికీ చూపించుకున్నాను కూడా. అంతే, ఆ తర్వాత అంగుళం లేదు. కొస చిగురు నల్లబడింది, ఆకుల అడుగున ఎర్రనల్లి.

వేళ్లు వర కిందనుంచి దూరాయనుకుని చేత్తో కెలికాను. 16 అంగుళాల లోతున దారాల్లాంటివి మూడు, అంతే. ఎండదెబ్బా అంటే, ప్రహరీ మీదున్న ఐస్‌బర్గ్ అదే మేలో 5 అంగుళాలు పెరిగింది. (పూత కూడా బాగుంది.)

చివరికి డైరీ తిరగేస్తే దొరికింది. మొక్క ఎగబాకిన రోజుల్లో వేప ఆకు రాల్చి బోడిగా ఉంది. నేను పచ్చడికి పువ్వు కోసుకుని మురిసిపోతుంటే పైన కొత్తాకు గొడుగు పట్టేసింది. మార్చి మొదట్లో ఆ చోట 6 గంటల ఎండ. ఏప్రిల్ 20న గడియారం పెట్టుకుని చూస్తే గంటా పది నిమిషాలు, అదీ చిల్లుల్లోంచి!

ఇక వచ్చేసారి కొమ్మల నీడ దాటి, మొదలుకి తొమ్మిదడుగుల్లో నాటి, కొబ్బరి తాడు మీదుగా కొమ్మ చివరికి ఎక్కిస్తాను. నైలాను తాడు మాత్రం వద్దు, కాడని కోసేస్తుంది. ఐస్‌బర్గ్‌కి ముళ్లు తక్కువ, కొమ్మని పట్టుకోదు, మూరకో పాత చీర పేలిక కట్టాల్సిందే. కిఫ్ట్స్‌గేట్ లాంటి తీగ గులాబీలు ఇంగ్లండులో 30 అడుగులు దాటి పాకుతాయంటే కొక్కేల్లాంటి ఆ ముళ్ల చలవే. ఐఏఎస్ వదిలి కొడైకెనాల్‌లో స్థిరపడ్డ వీరరాఘవన్ గారు మన అడవి గులాబీలు రోజా జైగాంటియా, రోజా క్లైనోఫిల్లాలతో వేడి ప్రాంతాల కోసం సంకరాలు చేశారు. అందులో జైగాంటియా తీగ ఒక్కటి దొరికితే ఐస్‌బర్గ్ గోడకే పరిమితం.

మునగ మీదికి ఎక్కించరాదా, నీడ పలచన కదా అంటుంది అమ్మ. గాలొస్తే ఆ కొమ్మ విరిగిపడుద్ది, పైగా గొంగళ్లు.

మొన్న వానకి మొక్కని తీసి కుండీలో పెట్టాను. వర ఊడి రాలేదు. ఖాళీగా ఉందని అమ్మ దుగ్గిరాల నుంచి తెప్పించిన పసుపు కొమ్ములు అందులో గుచ్చేసింది.