తుఫానుకి ముందు పెరడూ పైకప్పూ: ఎంత పనైంది, ఎంత మిగిలింది

కోనసీమలో కాలవ గట్టు పక్కన పదిహేను సెంట్ల స్థలం. డాబా ఇల్లు, వెనకాల నాలుగు రేకుల వంటపాక, ఆరు కొబ్బరి చెట్లు, రెండు మామిళ్ళు, ఓ వరుస కర్పూర చక్కెరకేళి, మునగ, బొప్పాయి, దొండ పందిరి, డాబా మీద షేడ్‌నెట్ కింద కుండీలు. మే దాటాక మన తీరానికి మళ్ళీ గండం అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. అందుకని జూన్‌లో మొదలెట్టిన పనుల చిట్టా ఇది. సముద్రానికి ఆనుకుని, అంతర్వేది, ఓడలరేవు వైపు ఉన్నవాళ్ళకి తాళ్ళూ స్క్రూలూ రెండో సంగతి. ఉప్పెన హెచ్చరిక వస్తే ఇల్లు వదిలి వెళ్ళిపోవడమే.

ముందు గాలి లెక్క. మన అర్ధగోళంలో తుఫాను గాలి గడియారం ముళ్ళకి ఎదురు దిశలో తిరుగుతుంది. కేంద్రం మనకి దక్షిణాన, మచిలీపట్నం వైపు తీరం దాటితే, అమలాపురంలో గాలి ఈశాన్యం నుంచి మొదలై తూర్పుకి మళ్ళి ఆగ్నేయంతో ముగుస్తుంది. కాకినాడకి పైన దాటితే ఉత్తరంతో మొదలై పడమరకి, ఆపైన నైరుతికి తిరుగుతుంది. సరిగ్గా మన మీదుగా వెళ్తే కాసేపు గాలి పడిపోయి, తర్వాత ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుంది. 1996 నవంబర్ 6 నాటిది కాకినాడకి దక్షిణాన, 2018 డిసెంబర్ 17న పెథాయ్ యానాం దగ్గర, 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర దాటాయి. అంటే కేంద్రం డెల్టా మీదుగానే పోవడం మనకి వింత కాదు. ఈశాన్యం గాలి ఒక్కదానికే కట్టిన కట్టు సగం రాత్రి వరకే పనికొస్తుంది. కింద చెప్పే ప్రతి పనీ రెండు దిక్కులకీ చూసి చేసిందే.

జూన్, జూలై: మామిడి, మునగ

కాపు అయిపోగానే మామిడి కొమ్మలు పలచన చేయడం పూర్తయింది. ఎండినవి, ఒకదాన్నొకటి రాసుకునేవి, మొదట్లో చీలిక ఉన్నవి తీసేశాం. మొత్తం మీద పావు వంతు దాటకూడదు. చాలామంది లోపలి రెమ్మలన్నీ దూసేసి కొమ్మ చివర మాత్రమే గుబురు వదిలేస్తారు. బరువంతా కొసకి చేరి, గాలికి కొమ్మ నడిమికి విరగడానికి అదే కారణం. గాలి చెట్టు మధ్యలోంచి దూరిపోవాలి.

కోసిన చోట తెగులు పట్టకుండా బోర్డో పేస్టు పూయాలి: లీటరు నీటికి 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం. మైలుతుత్తాన్ని ప్లాస్టిక్ బకెట్‌లో సగం నీటిలో, సున్నాన్ని వేరే దాంట్లో మిగతా సగంలో కలిపి, రెండూ మూడో బకెట్‌లోకి ఒకేసారి పోయాలి. శుభ్రమైన ఇనప కత్తి ముంచి చూడండి. కత్తికి ఎర్రటి పూత అంటితే సున్నం చాలలేదన్నమాట, ఇంకొంచెం కలపాలి. ఇనప, రేకు పాత్రలు వాడొద్దు.

మునగకి కట్లు కట్టడం దండగ. కర్ర పెళుసు. మూడడుగుల ఎత్తున నరికేస్తే మళ్ళీ చిగురు పెడుతుంది.

సెప్టెంబర్: రేకులు

ఎక్కువ సమయం, ఎక్కువ డబ్బు పట్టింది ఇక్కడే. పట్టాలి కూడా. గాలి ఒత్తిడి లెక్క కష్టమేం కాదు: వేగాన్ని సెకనుకి మీటర్లలోకి మార్చి, దాన్ని దానితోనే గుణించి, మళ్ళీ 0.6తో గుణిస్తే చదరపు మీటరుకి ఎన్ని న్యూటన్లో వస్తుంది. గంటకి 120 కిలోమీటర్లంటే సెకనుకి 33 మీటర్ల పైచిలుకు, ఒత్తిడి చదరపు మీటరుకి సుమారు 68 కిలోల బరువంత. పదడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు రేకు మీద అది 220 కిలోల దాకా తేలుతుంది. రేకు సొంత బరువు పదిహేను కిలోలు దాటదు. ఇక రెండు ఇసక బస్తాలు పెట్టి నిశ్చింతగా ఉండడం ఎలా? పైగా సిమెంటు రేకైతే బస్తా దొర్లినచోట పగులుతుంది. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లవుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

గాలి రేకుని నొక్కదు, పైకి లాగుతుంది. చూరు అంచులు, మూలలు, నడికప్పు దగ్గర లాగుడు మరీ ఎక్కువ. కాబట్టి మధ్యలో ఒక ఉబ్బు (రేకు అలలో పైకి లేచిన భాగం) విడిచి ఒక ఉబ్బుకి స్క్రూ సరిపోయినా, నాలుగు అంచుల్లోనూ ప్రతి ఉబ్బుకీ ఒకటి పడాలి. పైపు ఫ్రేముకి సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూలు (బెజ్జం తామే వేసుకునేవి), సరుగుడు వాసాలైతే జె హుక్కులు (J ఆకారపు కొక్కేలు). రబ్బరు వాషర్ పైన వెడల్పాటి ఇనప వాషర్ ఒకటి అదనంగా వేశాం. ఎందుకంటే స్క్రూ ఊడిరావడం అరుదు. రేకే స్క్రూ తల చుట్టూ చిరిగి, తలని అక్కడే వదిలేసి లేచిపోతుంది. గంటల తరబడి పైకీ కిందకీ కొట్టుకున్న రేకుకి బెజ్జం చుట్టూ నక్షత్రంలా సన్నని పగుళ్ళు వస్తాయి. 1974లో ఆస్ట్రేలియాలోని డార్విన్‌ని ట్రేసీ తుఫాను ఊడ్చేసినప్పుడు పైకప్పులు పోవడానికి ఇదే పెద్ద కారణమని తేలింది. పాత రేకు తిరగేసి బెజ్జాలు వెలుతురుకి పట్టి చూడండి. పగులుంటే పక్క ఉబ్బులో కొత్త బెజ్జం వేయాలి తప్ప అదే బెజ్జంలో లావు స్క్రూ వేసి లాభం లేదు. మరీ బిగించినా ముప్పే: రబ్బరు బయటికి పిండుకుపోయి ఏడాదిలో పగిలి, నీరు దిగి స్క్రూ తుప్పు పడుతుంది. రబ్బరు కొద్దిగా ఉబ్బగానే ఆపేయాలి.

బైండింగ్ వైరు ఎన్ని చుట్లు చుట్టినా ఉప్పుగాలికి రెండు వానాకాలాలు నిలవదు. వాసాన్ని గుంజకి కలిపేచోట ఇనప పట్టీ, బోల్టు వేశాం. గుంజలు అడుగున్నర చదరం, రెండున్నర అడుగుల లోతు కాంక్రీటు గుంతల్లో ఉన్నాయి. నాలుగు గుంతలూ కలిపి దాదాపు టన్నున్నర బరువు. గుంజని ఒట్టి మట్టిలో పాతితే పాక మొత్తం గొడుగులా లేస్తుంది, స్క్రూలు ఎంత గట్టివైనా.

కిటికీ తలుపులు కూడా పైకప్పు పనే అనుకోవాలి. గాలి ఎదురొచ్చే వైపు ఒక కిటికీ పగిలితే లోపల నిండిన గాలి రేకుని కింద నుంచి తోస్తుంది, పైన గాలి లాగుతుంది. అద్దానికి అడ్డదిడ్డంగా టేపు అంటిస్తే అద్దం పగలకుండా ఆగదు. 12 ఎం.ఎం. ప్లైవుడ్ ముక్కలు కోసి, నంబర్లు వేసి, గోడలో ముందే యాంకర్లు బిగించి ఉంచాలి. తూర్పు, ఉత్తరం వైపువి అయ్యాయి. పడమర వైపు ఇంకా కావాలి. మొదట్లో చెప్పిన తిరుగు గాలికి దెబ్బ తగిలేది అక్కడే.

అక్టోబర్ మొదటి వారాలు: నీరు, వేళ్ళు

చెట్టుని పట్టి ఉంచేది తాడు కాదు, గట్టి నేల. మన డెల్టాలో భూగర్భజలం పైపైనే ఉంటుంది కనక వేళ్ళు లోతుకి పోవు. దానికి తోడు నాలుగు రోజుల వాన పడి ఒండ్రు బురదైతే, మామూలు గాలికే చెట్టు వేళ్ళతో సహా ఒరుగుతుంది. పెరటి చుట్టూ అడుగు వెడల్పు, అడుగున్నర లోతు బోదె తవ్వి ఊరి మురుగు కాలవకి కలిపాం. చివర 110 ఎం.ఎం. పైపుకి నాన్ రిటర్న్ వాల్వు. పోటు వేళ కాలవ ఎగదన్నితే అది లేకుండా నీరు వెనక్కి మనింట్లోకే వస్తుంది. కాలవలో గుర్రపుడెక్క తీయించకపోతే ఈ బోదె ఉండీ లేనట్టే. పక్కవాళ్ళతో కలిసి చేసుకోవాల్సిన పని అది. తుఫాను కబురు రాగానే చెట్లకి నీళ్ళు పెట్టడం ఆపేయండి.

చిన్న మొక్కలకి, అంటే మూడేళ్ళ లోపు వాటికే, తాళ్ళు. రెండు వైపుల నుంచి కాదు, మూడు వైపుల నుంచి సమానమైన ఎడంతో లాగాలి. ఎటు తిరిగినా ఒక తాడు గాలికి ఎదురు నిలవాలి. మొక్క ఎత్తులో మూడింట రెండొంతుల దగ్గర పాత సైకిల్ ట్యూబు చుట్టి, దాని మీద 8 ఎం.ఎం. తాడు. కట్టిన ఎత్తెంతో మేకు అంత దూరంలో ఉండాలి. నైలాన్ తడిస్తే సాగుతుంది కాబట్టి మొదటి జల్లు పడ్డాక మళ్ళీ బిగించాలి. కాండం నాలుగు వేళ్ళ మేర ఊగే వదులు ఉంచండి, కర్రలా బిగిస్తే కట్టు దగ్గరే విరుగుతుంది.

ఇసక నేలలో మేకులు బయటికొచ్చేస్తాయి. దానికి మందు పూడ్చిన దుంగ: రెండడుగుల గొయ్యిలో మూడడుగుల కొబ్బరి దుంగ ముక్కని అడ్డంగా పడుకోబెట్టి, నడుముకి తాడు కట్టి, తాడు మొక్క వైపు ఏటవాలుగా పైకొచ్చేలా సన్నని గాడి కోసి, మట్టిని పొరలు పొరలుగా తొక్కాలి. గాడి కోయకపోతే తాడు గొయ్యి అంచుని కోసుకుంటూ వదులైపోతుంది.

అరటికి గెల మెడ కింద రెండు వెదురు గెడలు కత్తెరలా పోటు పెట్టాం. చెట్టు మొదట్లో అడుగెత్తున మట్టి ఎగదోశాం. వరుసంతా ఒకే తాడుతో కలిపి కట్టడం ఆనవాయితీ గానీ, ఒకటి పడితే మిగతావాటిని లాక్కుపోతుంది. నాలుగేసి చెట్లకి ఒక జట్టుగా కడితే నయం. బొప్పాయికి కింది ఆకులు, బరువు కాయలు కోసేయడం తప్ప చేసేదేం లేదు.

హెచ్చరిక వచ్చాక

తీరంలో వాతావరణం చెడడం మొదలవడానికి కనీసం 48 గంటల ముందు వాతావరణ శాఖ తుఫాను అలర్ట్, కనీసం 24 గంటల ముందు తుఫాను హెచ్చరిక ఇస్తుంది. కొబ్బరి పని అలర్ట్‌కి ముందే కావాలి, తర్వాత దింపు కార్మికులు దొరకరు. ముదిరిన గెలలు, ఎండు మట్టలు, వేలాడే మట్టలు దించితే చాలు. పచ్చి మట్టలన్నీ కొట్టేసి మొవ్వు (తల నడుమ లేత చిగురు) ఒక్కటే నిలబెడితే, ఆసరా పోయి మొవ్వే విరుగుతుంది. మట్ట పోతే వేరే మట్ట వస్తుంది, మొవ్వు పోతే చెట్టే పోయినట్టు.

షేడ్‌నెట్ విప్పి చుట్టేయాలి. 50 శాతం నెట్ కూడా తెరచాపే, ఫ్రేముతో సహా పోతుంది. పిట్టగోడ మీది కుండీలు దించి, గోడ మూలకి దగ్గరగా పడుకోబెట్టండి. డాబా మీది వెయ్యి లీటర్ల ట్యాంకు నింపేయాలి: ఖాళీది ఎగురుతుంది, నిండింది టన్ను బరువు. డాబా నీటి తూములకి జాలీ పెట్టి ఆకులు తీయండి. మెయిన్ స్విచ్, గ్యాసు కట్టేయడం, ఇన్వర్టర్ ఎత్తున పెట్టడం అందరికీ తెలిసినవే.

గాలి ఒక్కసారిగా ఆగితే కేంద్రం నెత్తిమీద ఉందన్నమాట. తాళ్ళు బిగిద్దామని బయటికి రాకండి.

తగ్గాక మొదటి పని కొబ్బరి మొవ్వుల్లో చెత్త తీసి, లీటరుకి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ పోయడం. మొవ్వు కుళ్ళుకి అదే కాపుదల. మట్ట విరిగిన గాయాలకి ఎర్రముక్కు పురుగు వాలుతుంది కనక వాటికి బోర్డో పేస్టు పూయాలి. ఒరిగిన చిన్న చెట్లని అదే రోజు నిలబెట్టి మూడు తాళ్ళు వేయాలి. నేల ఆరాక లేపితే మిగిలిన వేళ్ళు తెగుతాయి.

మిగిలినవి: పడమటి కిటికీల యాంకర్లు, దొండ పందిరి రాటలకి పూడ్చిన దుంగలు, పాక నడికప్పు రేకుకి ఇంకో వరుస స్క్రూలు.