మారథాన్ రెండో సగం కోసం ఒక సీజన్

ఈ ఏడాది నవంబరులో మలేషియాలోని లంకావి ద్వీపంలో జరిగే ఐరన్‌మ్యాన్ అనే దీర్ఘదూర ట్రయథ్లాన్ పందేనికి పేరు నమోదు చేసుకున్నాను. సముద్రంలో 3.8 కిలోమీటర్ల ఈత, తరువాత 180 కిలోమీటర్ల సైకిలు, ఆపైన 42.2 కిలోమీటర్ల పరుగు. మొత్తం 17 గంటల్లో ముగించాలి. తెల్లవారుజామున విజయవాడ దగ్గర కృష్ణ కరకట్ట మీద కలిసే మిత్రులందరూ అడిగేది ఒక్కటే: "ఎన్ని గంటల్లో కొడతావన్నా?" 13 గంటల లోపు అని చెబుతున్నాను. అయితే కాగితం మీద మొదట రాసుకున్న లక్ష్యం అది కాదు. మారథాన్‌లో సగం దూరం దాటిన తరువాత కూడా నా పరుగు పరుగుగానే ఉండాలి, నడకలోకి దిగకూడదు. ఇదీ నా మొదటి లక్ష్యం. 13 గంటలన్నది దానిలోంచి వచ్చిన లెక్క మాత్రమే.

ఎందుకంటే, ఈ పందెంలో సమయం పోయేది అక్కడే. కిలోమీటరుకు 6 నిమిషాల 45 సెకన్ల చొప్పున పరుగెత్తగలిగిన మనిషి చివరి 21 కిలోమీటర్లు చురుకుగానే నడిచినా కిలోమీటరుకు పదిన్నర నిమిషాలు పడుతుంది, అంటే గంటా పావుకు పైగా చేజారిపోతుంది. ఏడాదంతా ఈత కొలనులో చెమటోడ్చి 100 మీటర్లకు 6 సెకన్లు తగ్గించుకుంటే పందెంలో మిగిలేది 4 నిమిషాల లోపే. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే సీజన్‌లో శ్రమను ఎక్కడ పెట్టాలో వేరే చెప్పనక్కరలేదు.

నిజానికి ఈ దూరాలు ఏ శరీరశాస్త్రమూ లెక్క కట్టి ఇచ్చినవి కావు. 1978 ఫిబ్రవరి 18న హవాయిలోని ఒవాహు ద్వీపంలో, అప్పటికే అక్కడ వేర్వేరుగా జరుగుతున్న ఒక సముద్రపు ఈత పోటీని, ద్వీపం చుట్టూ సాగే సైకిల్ యాత్రను, హొనొలులు మారథాన్‌ను ఒకే రోజులోకి కుదించారు. ఆనాడు బయలుదేరినవారు 15 మంది, గమ్యం చేరినవారు 12 మంది. మూడింటినీ అలా కలిపి కుట్టడం వల్ల ఈతకు దక్కిన వాటా చాలా చిన్నదైంది, సైకిలుకు సగం రోజు దక్కింది, పరుగు అలసిన కాళ్ల పాలబడింది. ఈతలో పుట్టి పెరిగినవారికి ఇది అన్యాయమే గాని, నియమాలు అవే.

నా లెక్క ఇలా ఉంది. ఈతకు గంటా 25 నిమిషాలు, సైకిలుకు ఆరున్నర గంటలు, పరుగుకు 4 గంటల 45 నిమిషాలు, బట్టలు మార్చుకోవడానికీ సైకిలు అందుకోవడానికీ కలిపి పావుగంట. మొత్తం 12 గంటల 55 నిమిషాలు. విడిగా ఒక మారథాన్‌ను 4 గంటల 10 నిమిషాల్లో పరుగెత్తగలిగినవారు సైకిలు దిగిన తరువాత అదే దూరానికి పది నుంచి పదిహేను శాతం అదనంగా తీసుకోవడం సాధారణం కనుక, ఈ పరుగు లక్ష్యం గాలిలో మేడ కాదు. అయితే ఆ పదిహేను శాతం అన్నది సైకిలును అదుపులో ఉంచుకున్నవారికే వర్తిస్తుంది.

ఇక్కడే మనవాళ్లలో చాలామందితో నాకు పేచీ. అమరావతి సీడ్ యాక్సెస్ రోడ్డు తాటాకు పరిచినట్టు చదునుగా ఉంటుంది. ఆదివారం ఉదయం గుంపుగా బయలుదేరితే పది కిలోమీటర్లు దాటేసరికి అది పందెంగా మారిపోతుంది, సగటు వేగం గంటకు 32, 33 కిలోమీటర్లు అంటూ ఫోన్లలో ఫొటోలు తిరుగుతాయి. దీర్ఘదూర ట్రయథ్లాన్‌లో ఆ వేగం కొనుక్కోదగిన సరుకు కాదు. చదును రోడ్డు మీద సైకిలుకు ప్రధాన శత్రువు గాలి, గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగపు ఘనంతో పాటు పెరుగుతుంది. పెడళ్ల మీద పెట్టే శక్తిని వాట్లలో కొలుస్తారు. 155 వాట్లతో తొక్కాలనుకున్న మనిషి ఉత్సాహపడి 175 వాట్లతో తొక్కితే వేగం పెరిగేది దాదాపు నాలుగు శాతం. 180 కిలోమీటర్లలో మిగిలేది పావుగంట. ఆ పావుగంట కోసం తొడ కండరాల్లోని గ్లైకోజెన్‌ను, అంటే నిల్వ పిండిపదార్థాన్ని, ముందే ఖర్చుపెట్టి, పరుగులో గంట అప్పుపడటం బేరం తెలిసినవారు చేసే పని కాదు.

కాబట్టి సైకిలు విషయంలో నా ఆశ అంతా వేగం మీద కాక సామర్థ్యం మీద పెట్టాను. 20 నిమిషాలు శక్తికొద్దీ తొక్కే పరీక్షలో వచ్చిన సగటు శక్తిలో 95 శాతాన్ని గంటసేపు నిలబెట్టగల శక్తిగా లెక్కిస్తారు. అది ఇప్పుడు నాకు 200 వాట్లు. సెప్టెంబరుకు 225 చేయాలి. ఈ వయసులో, ఉద్యోగం చేసుకుంటూ, ఒక్క సీజన్‌లో 25 వాట్లు పెంచడం అత్యాశేనని మా గుంపులో పెద్దాయన ఒకరు అన్నారు, కాదనను. కానీ పందెంలో నేను తొక్కేది 155 దగ్గరే. 200లో 155 అంటే 77.5 శాతం, కాళ్లు విరిగిపోతాయి. 225లో 155 అంటే 69 శాతం, దిగి పరుగెత్తవచ్చు. వేగం మారదు, దాని ఖరీదు తగ్గుతుంది. సామర్థ్యం పెంచుకోవడం అనుకున్నదానికంటే వేగంగా తొక్కడానికి కాదన్న సంగతి పందెం రోజు గుర్తుంచుకోవడమే కష్టమైన భాగం.

లంకావి రోడ్లు మన కృష్ణా డెల్టాలా ఉండవు, ఎత్తుపల్లాలతో నిండి ఉంటాయి. అందుకని రెండు వారాలకొకసారి కొండవీడు ఘాట్ రోడ్డు ఎక్కడం ప్రణాళికలో చేర్చాను. విజయవాడ నుంచి చీకటితోనే బయలుదేరితే ఎండ ముదరకముందే పైకి వెళ్లి రావచ్చు. ఎక్కేటప్పుడు వాట్లను అదుపు దాటనివ్వకుండా, సిగ్గుపడకుండా చిన్న గేరులో ఎక్కడమే అక్కడ సాధన. జాతీయ రహదారి జోలికి వెళ్లను. మిర్చి కోతల రోజుల్లో గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీల (బస్తాల) లారీలు వరుస కట్టినప్పుడు ఆ దారిన గట్టిగా ఊపిరి పీల్చినవారికి గొంతు మంట ఎంతసేపు తగ్గదో తెలుసు.

ఇప్పుడు ఎండ సంగతి. "బెజవాడ ఎండలో కాగినవాడివి, నీకు లంకావి వేడి ఒక లెక్కా?" అని అందరూ అంటున్నారు. ఈ మాట వినడానికి ఎంత బాగుంటుందో అంత తప్పు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న ఎండలో సాధన చేస్తే శరీరం మారడం నిజమే: పది పద్నాలుగు రోజుల్లో రక్తంలోని ద్రవభాగం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, చెమటలో ఉప్పు తగ్గుతుంది, అదే శ్రమకు గుండె వేగం దిగుతుంది. కానీ వేడి తగలకపోతే ఈ మార్పులు మూడు నాలుగు వారాల్లో చాలావరకు కరిగిపోతాయి. మే నెల ఎండ నవంబరు దాకా ఒంట్లో నిల్వ ఉండదు. పైగా అక్టోబరు చివరికి మన దగ్గర తెల్లవారుజాములు చల్లబడతాయి, మనం సాధన చేసేదీ ఆ వేళల్లోనే. అటువంటి చల్లదనం నుంచి నేరుగా పగలు 30 డిగ్రీలు దాటే ఉక్కపోతలోకి వెళ్లి, మధ్యాహ్నం మారథాన్ మొదలుపెట్టాలి.

అందువల్ల మే నెలను నేను ఎండతో పోరాడటానికి వాడుకోవడం లేదు. ఏప్రిల్, మే నెలల్లో నాలుగున్నరకే రోడ్డెక్కి ఏడున్నరకు ఇంటికి చేరి, మిగిలిన సాధన ఇంట్లో ట్రైనర్ (సైకిలును ఒకేచోట బిగించి తొక్కే పరికరం) మీద ఫ్యాను కింద చేస్తాను. ఆ రెండు నెలల లక్ష్యం పునాది వేసుకోవడం. ఎక్కువ భాగం మాటాడుతూ చేయగలిగేంత నింపాదిగా ఉండాలి. మూడు గంటల సవారీలో అవే వాట్లకు, మొదటి సగంతో పోలిస్తే రెండో సగంలో గుండె వేగం ఐదు శాతానికి మించి పెరగకపోతే పునాది గట్టిపడిందని అనుకోవచ్చు. ఈ కొలతను మాత్రం ఎండలో తీసుకోకూడదు, వేడికే గుండె వేగం పెరిగి లెక్క తారుమారవుతుంది. అసలు వేడి సాధన అక్టోబరు చివరి మూడు వారాల్లో ఉంటుంది. వారానికి మూడు నాలుగు సార్లు, మధ్యాహ్నం పూట తేలికపాటి పరుగులు, ఫ్యాను ఆపేసి ట్రైనర్ మీద గంటసేపు సవారీలు. ఒంటరిగా కాదు, పక్కన ఎవరో ఒకరు ఉండగానే.

వేడి తరువాత నడకలోకి దింపేది కడుపు. కండరాల్లోనూ కాలేయంలోనూ కలిపి నిల్వ ఉండే పిండిపదార్థం 400 నుంచి 500 గ్రాములు. 13 గంటల పనికి అది ఏ మూలకూ రాదు. అందుకని సైకిలు మీద గంటకు 70 గ్రాముల చొప్పున, ఆరున్నర గంటల్లో 455 గ్రాములు లోపలికి పంపాలి. పేగు గ్లూకోజును గంటకు సుమారు 60 గ్రాముల వరకే పీల్చుకుంటుంది. ఫ్రక్టోజుకు వేరే దారి ఉంది కనుక రెండూ కలిసి ఉంటే మరికొంత పడుతుంది. పంచదారలో ఆ రెండూ సగం సగం ఉంటాయి. ఖరీదైన జెల్‌లు (పిండిపదార్థం నింపిన చిన్న పొట్లాలు) కొనాలన్న నియమం ఏమీ లేదు, మామూలు సాధనకు నేను పంచదార, నిమ్మరసం, ఉప్పు కలిపిన నీళ్లే సీసాల్లో నింపుకుంటాను. ఓఆర్ఎస్‌ను నమ్ముకుని దీర్ఘ సవారీలు చేసేవారు ఒక సంగతి గమనించాలి: ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు ఓఆర్ఎస్‌లో గ్లూకోజు 13.5 గ్రాములే. సోడియం మాత్రం 1.7 గ్రాములకు పైనే. అది ఉప్పుకు పనికొస్తుంది, ఆకలికి కాదు. గంట సవారీకి ముందు, తరువాత బరువు చూసుకుని, మధ్యలో తాగినదాన్ని కలుపుకుంటే చెమట లెక్క తేలుతుంది. ఆ లెక్కకు మించి వట్టి నీళ్లు తాగడం తక్కువ తాగడం కంటే ప్రమాదకరం కావచ్చు, రక్తంలో సోడియం పడిపోతుంది. ప్రతి ఆదివారం దీర్ఘ సవారీలో ఈ 70 గ్రాములూ కడుపు మొరాయించకుండా నిలవాలన్నది వాట్లతో సమానమైన లక్ష్యంగా రాసుకున్నాను. సాధనలో అలవాటు చేయని కడుపు పందెం రోజు మన మాట వినదు.

ఈతకు ఆశలు తక్కువే. ఇప్పుడు 400 మీటర్లకు 8 నిమిషాల 20 సెకన్లు, 200 మీటర్లకు 3 నిమిషాల 58 సెకన్లు. ఈ రెండింటి తేడాను బట్టి నేను నిలకడగా ఈదగల వేగం 100 మీటర్లకు 2 నిమిషాల 11 సెకన్లు. దాన్ని 2 నిమిషాల 5 సెకన్లకు తెస్తే గంటా 25 నిమిషాల లక్ష్యానికి కాస్త వెసులుబాటు దొరుకుతుంది. నాలాంటి ఔత్సాహికులు దిగే వయసు విభాగాల్లో వెట్‌సూట్‌కు (ఒంటిని వెచ్చగా ఉంచి నీళ్లలో తేల్చే రబ్బరు సూటు) నీటి వేడి 24.5 డిగ్రీలు పరిమితి, లంకావి సముద్రం అంతకంటే వెచ్చన. తేల్చి పెట్టే సూటు ఉండదు కాబట్టి కాళ్లు మునగకుండా ఈదే పద్ధతి మీదే దృష్టి. కొలను బయటి ఈతకు మనకున్నది ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణ. వరద వస్తే అక్కడ దిగే ప్రసక్తే లేదు. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ వద్ద ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటిన రోజులు ఎవరం మరచిపోలేదు. అందుకని నదిలో చేయవలసిన దీర్ఘమైన ఈతలన్నీ, అనుమతితో, తోడుగా పడవతో, జూన్ లోపే ముగించుకుని ఆపైన కొలనుకే పరిమితం కావాలి.

వారానికి తొమ్మిది గంటలతో మొదలుపెట్టి ఆగస్టు, సెప్టెంబరుల్లో 13 గంటల దాకా వెళతాను, ప్రతి నాలుగో వారం సగానికి తగ్గిస్తాను. దీర్ఘ సవారీలు పతాక స్థాయికి చేరే రోజుల్లోనే దసరా వస్తుంది. ఇంద్రకీలాద్రి చుట్టుపక్కల రోడ్లన్నీ భక్తులవే అవుతాయి, ఇంట్లో చుట్టాలు ఉంటారు. "ఏవండీ, ఆ తొమ్మిది రోజులూ మీ సైకిలు తాళం నా దగ్గర ఉంటుంది" అని మా ఆవిడ ముందే చెప్పింది. చర్చించి మూలానక్షత్రం రోజు మినహా ఉదయాలు నాకు వచ్చేలా ఒప్పందం కుదిరింది. ఆ వారాన్ని తగ్గింపు వారంగా మార్చుకోవడంతో ఇద్దరికీ నష్టం లేకుండా పోయింది.

ఆగస్టు చివరి ఆదివారం పరీక్ష. 155 వాట్లతో ఐదు గంటలు తొక్కి, దిగిన వెంటనే కిలోమీటరుకు 6 నిమిషాల 45 సెకన్ల చొప్పున 15 కిలోమీటర్లు పరుగెత్తాలి. చివరి ఐదు కిలోమీటర్లలో ఆ వేగం 15 సెకన్లకు మించి జారకపోతే 13 గంటల లక్ష్యం అలాగే ఉంటుంది. జారితే సాధన గంటలు పెంచను, సైకిలు మీద 10 వాట్లు తగ్గించి, లక్ష్యాన్ని 13 గంటల 20 నిమిషాలకు మార్చుకుంటాను. నడవకూడదన్న మొదటి లక్ష్యం మాత్రం కాగితం మీద అలాగే ఉంటుంది. ఆ పరీక్షకు సైకిలు మీద తోడు వచ్చి సీసాలు అందించగలిగేవారు ఎవరైనా ఉంటే ముందుగా చెప్పండి, ఉదయం నాలుగింటికి ఉండవల్లి సెంటరులో కలుద్దాం.